మెటాలిక్ టెక్స్చర్ గోడ, ఉబ్బెత్తు స్టెన్సిల్ గోడ: నాలుగైదేళ్ళు వాడాక నా రివ్యూ

మాది రాజమండ్రి, సొంతిల్లు. హాల్లో టీవీ ఉన్న గోడకి మేస్త్రీతో మెరిసే మెటాలిక్ టెక్స్చర్ వేయించాం, సోఫా వెనక గోడకి ఉబ్బెత్తు స్టెన్సిల్ బార్డరు నేనే వేసుకున్నా, అంటే డిజైన్ కోసిన షీటు గోడకి ఆనించి, ఆ ఖాళీల్లో పేస్టు నింపి షీటు తీసేస్తే ఉబ్బుగా మిగిలే బొమ్మలు. రెండూ ఇంచుమించు ఒకేసారి అయ్యాయి కాబట్టి పక్కపక్కన పెట్టి చెప్పగలను. ఫోటోల్లో మార్కులు మెటాలిక్‌కి, ఇంట్లో మార్కులు స్టెన్సిల్‌కి.

స్టెన్సిల్ సంగతి ముందు. ఆన్‌లైన్‌లో చవగ్గా దొరికే పలచటి ప్లాస్టిక్ షీట్లు పావు మిల్లీమీటరు అటూఇటూ ఉంటాయి, అవి రంగు అద్దుకోడానికే, ఉబ్బెత్తు పనికి చాలవు, ఎందుకంటే పేస్టు పెట్టి లప్పం రేకుతో సాపుగా లాగేస్తే షీటు ఎంత మందమో డిజైన్ కూడా అంతే లేస్తుంది. నేను మామిడిపిందెల బొమ్మ ఇచ్చి లేజర్ కటింగ్ షాపులో రెండు మిల్లీమీటర్ల అక్రిలిక్ షీటు మీద కోయించుకున్నా. దీంతో ఒకటే తలనొప్పి, అది వంగదు. మన గోడలేమో ఎంత లప్పం పెట్టినా ఎక్కడో ఒకచోట పొట్ట ఉంటుంది, అక్కడ షీటు కింద సందు పడి పేస్టు లోపలికి పాకేస్తుంది. ముందు షీటు గోడకి ఆనించి పక్క నుంచి ఫోన్ టార్చి కొడితే సందు తెలిసిపోతుంది, ఆ చోట పేస్టు కాస్త గట్టిగా ఉండాలి.

పేస్టు విషయంలో, వైట్ సిమెంట్ లప్పం చవకే గానీ కలిపిన కొద్ది గంటల్లో బకెట్లోనే బిగిసిపోతుంది, మందంగా పెడితే పగుళ్ళు కూడా ఇస్తుంది. రెడీమేడ్ అక్రిలిక్ టెక్స్చర్ పేస్టు నీళ్ళు ఆరి గట్టిపడే రకం, ఆరాక కొంచెం దిగుతుంది, అయినా పగుళ్ళు తక్కువ. నేను వాడింది ఇదే. పేస్టు పచ్చిగా ఉన్నప్పుడే షీటు తిన్నగా మనవైపుకి లాగెయ్యాలి, ఆరనిస్తే అంచులు కూడా షీటుతో ఊడొస్తాయి. లాగినప్పుడు పిందె కొన దగ్గర పేస్టు చిన్న ముల్లులా లేస్తుంది చూడండి, దాన్ని వెంటనే ముట్టుకుంటే ఆకారం చెడుతుంది, వేలికి అంటనంత బిగిశాక తడి వేలితో మెల్లగా నొక్కితే కూర్చుంటుంది. మర్నాడు 220 నంబరు ఎమరీ పేపరుతో పైపైన ఒక్కసారి రుద్ది, ప్రైమరు, మీద గోడకున్న రంగే.

అవును, గోడ రంగే. మా ఆడపడుచు అయితే "ఇంత కష్టపడి బంగారు రంగు పూయకపోతే ఎలా వదినా" అని ఇప్పటికీ అంటుంది. అక్కర్లేదు. పక్కనుంచి లైటు పడితే నీడే డిజైన్‌ని చూపిస్తుంది, అదే ఎదురుగా ట్యూబ్‌లైటు ఉంటే బంగారం పూసినా చదునుగానే ఉంటుంది. మేం ఓ మూలన స్పాట్ లైటు పెట్టాక వచ్చినవాళ్ళు దగ్గరికెళ్ళి తడిమి చూస్తున్నారు.

వాడకంలో దుమ్ము మాత్రం నిజం. ప్రతి పిందె పైఅంచు మీద సన్నగా పేరుకుంటుంది, ఫ్యాను గాలికి సాలెగూడు దారాలు కూడా చిక్కుకుంటాయి. తడిగుడ్డ పెడితే మురికి సందుల్లోకి పోయి నల్లగా గీతలు పడతాయి, పొడిగా ఉన్న రెండంగుళాల పెయింట్ బ్రష్ చాలు. సోఫా వీపు తగిలే ఎత్తులో మాత్రం వేయొద్దు, మాకు ఆ వరసలో రెండు మూడు పిందెల అంచులు చితికాయి. స్టెన్సిల్ దాచాను కాబట్టి అదే చోట ఆనించి పేస్టు పెట్టి రంగు వేశా, మెరుపు లేని మ్యాట్ రంగు కదా, ఎక్కడ అతికానో నాకే వెతుక్కోవాల్సి వస్తుంది.

మెటాలిక్ గోడ గొడవ సరిగ్గా ఇక్కడే. మొదటి ఏడాది కళ్ళు చెదిరింది, ఖర్చు మామూలు ఎమల్షన్‌కి రెండింతలు పైనే. తర్వాత టీవీ వైరు మార్చడానికి ఎలక్ట్రీషియన్ చిన్న గాడి కొట్టాడు, అంతే. డబ్బాలో మిగిలిన అదే రంగు పూసినా ఎదురుగా నిలబడితే కలిసినట్టుంటుంది, గుమ్మం వైపు నుంచి చూస్తే మచ్చ. ఆ రంగులో మెరిసే రేణువులు బ్రష్ నడిచిన దిక్కుకి వాలి ఆరతాయి, కొత్త ముక్కలో అవి వేరేగా వాలుతాయి, అందుకని అతుకు దాగదు. మేస్త్రీ వచ్చి చూసి "మూల నుంచి మూలకి మొత్తం కొట్టాల్సిందేనమ్మా" అన్నాడు, పాతది తీయాలంటే గీకుడు, పేపరు కొట్టుడు, మళ్ళీ లప్పం, ఇల్లంతా దుమ్ము. ప్రస్తుతానికి మచ్చ ముందు మనీ ప్లాంట్ పెట్టాం.

చెమ్మ ఉన్న గోడకి రెండూ దండగే. మాకు బాత్రూం అవతలి గోడకి అడుగున ఉప్పు పొంగి బార్డరు పేస్టు కింద పాత రంగుతో సహా పెంకులా లేచింది. ముందు లీకేజీ చూసుకోండి. పాత డిస్టెంపర్ మీదైతే అరచేత్తో రుద్దండి, చేతికి పొడి అంటిందంటే గీకి ప్రైమర్ కొట్టకుండా పేస్టు పెట్టకండి.

కొత్తగా వేసేవాళ్ళు స్టెన్సిల్ షీటుని పని అవ్వగానే నీళ్ళలో పడేసి కడగండి, ఎండిన పేస్టు గీకితే కొనలు విరుగుతాయి. షీటు పడుకోబెట్టి దాచండి. రంగు డబ్బా మూత మీద షేడ్ కోడ్ ఉంటుంది, ఫోటో తీసి పెట్టుకోండి, తర్వాత "లేత చందనం రంగు" అని షాపుకెళ్తే వాడు పది చందనాలు చూపిస్తాడు.