ఒక్క పన్ను కోసం మూడుసార్లు సరిహద్దు దాటాం

కుడివైపు కింది దవడ పన్ను. ఇక్కడి అమెరికా డెంటిస్టుల లెక్కలో 30వ నంబరు. రూట్ కెనాల్ చేయించి, పైన క్యాప్ పెట్టించి ఎనిమిదేళ్ళు నెట్టుకొచ్చాను. కిందటేడు జులైలో వేరు చీలిందని పీకేశారు. ఆ ఖాళీలో ఇంప్లాంట్ పెట్టడానికి అరిజోనా రాష్ట్రంలోని ఫీనిక్స్‌లో మా డెంటిస్టు ఆఫీసువాళ్ళు ఇచ్చిన కాగితంలో మొత్తం 5,200 డాలర్లు. మా ఆవిడ ఆ కాగితాన్ని ఫ్రిజ్‌కి అంటించింది, రోజూ కనబడాలని. నాకు మాత్రం కాఫీ తాగేటప్పుడల్లా ఆ పన్ను లేనిచోట జివ్వుమనేది.

ఆ కాగితాన్ని రెండు మూడు రోజులు చూశాకగానీ ఒక సంగతి తెలియలేదు. ఇంప్లాంట్ అంటే ఒక వస్తువు కాదు, మూడు. ఎముకలోకి దిగే టైటానియం మర, దానిమీద బిగించే అబట్‌మెంట్, ఆపైన కనిపించే పన్ను, అంటే క్రౌన్. బిల్లులో ఒక్కోదానికీ ఒక్కో కోడ్ ఉంటుంది. మర దించే సర్జరీకి డి6010. అబట్‌మెంట్‌కీ క్రౌన్‌కీ విడివిడిగా వేరే నంబర్లు. నా లెక్క ఇది: మర 2,300, అబట్‌మెంట్ 700, క్రౌన్ 1,500, ఎముక పొడి నింపడానికి 450, త్రీడీ స్కాన్ 250. ఎక్కడికి ఫోన్ చేసినా ఇదే వరసలో అడగడం మొదలుపెట్టాను. "ఇంప్లాంట్ ఎంత?" అని అడిగితే సగంమంది మర ధర ఒక్కటే చెప్తారు. అది అబద్ధం కాదు, కానీ మరతో పులిహోర నమలలేం కదా.

ఇన్సూరెన్స్ ఉందిగా అనుకున్నా. ఏడాదికి 1,500 డాలర్ల పరిమితి ఉంది, ఇంప్లాంట్‌కి సగం ఇస్తామని బుక్‌లెట్‌లోనూ ఉంది. ఫోన్ చేస్తే అవతలి అమ్మాయి మర్యాదగానే చెప్పింది: పన్ను పీకించింది జులైలో, ఉద్యోగం మారి ఈ ప్లాన్‌లోకి వచ్చింది సెప్టెంబర్‌లో, కాబట్టి ఒక్క డాలరూ రాదు. దీన్ని 'మిస్సింగ్ టూత్ క్లాజ్' అంటారట. ప్లాన్ మొదలవ్వకముందే పోయిన పన్నుకి వాళ్ళ బాధ్యత లేదు. పన్ను పీకించేముందు పాలసీ చూసుకోవాలని ఎవరికి తోస్తుంది? ఆ నొప్పిలో వాళ్ళు ఏ కాగితం పెట్టినా సంతకం చేస్తాం.

డెంటిస్టు ఆఫీసులో ఇంకో దారి చూపించారు: మెడికల్ క్రెడిట్ కార్డు, 18 నెలలు వడ్డీ లేదు. మా ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని చిన్న అక్షరాలు చదివింది. 18 నెలలు పూర్తయ్యేనాటికి కాస్త బాకీ మిగిలినా సరే, మొదటి రోజు నుంచీ మొత్తానికి వడ్డీ కట్టాలి. "వడ్డీ లేదన్నది మాఫీ కాదండీ, దాచిపెట్టడం" అంది. నెలనెలా కచ్చితంగా కట్టగలిగినవాళ్ళకి మంచిదే. నా మీద నాకు అంత నమ్మకం లేదు.

అప్పుడు మా తోడల్లుడు గుర్తొచ్చాడు. మూడేళ్ళ కిందట మెక్సికోలో లోస్ అల్గొదోనెస్ అనే ఊళ్ళో నాలుగు ఇంప్లాంట్లు వేయించుకొచ్చాడు. అమెరికావాళ్ళు ముద్దుగా 'మోలార్ సిటీ' అని పిలుచుకునే ఊరు. కాలిఫోర్నియా అంచున, అరిజోనాలోని యూమా పట్నానికి కూతవేటు దూరంలో ఉంది. ఊరు చిన్నదే, పళ్ళ డాక్టర్లు మాత్రం వందల్లో.

మొదటి ప్రయాణం డిసెంబర్‌లో, ఒక శనివారం. ఆరోజు పని ఒకటే, చూసి రావడం. ఫీనిక్స్ నుంచి యూమాకి మూడు గంటలు. గీలా బెండ్ దగ్గర ఇంటర్‌స్టేట్ 8 ఎక్కితే ఆపైన దారంతా ఎడారే. మధ్యలో డేట్‌ల్యాండ్‌లో ఖర్జూరం షేక్ తాగాం. పన్ను లేకపోయినా తాగొచ్చు, ఆ ప్రయాణంలో నాకు నచ్చిన వాటిలో ఇదొకటి. తొమ్మిదిన్నరకి అపాయింట్‌మెంట్. తొమ్మిదింబావుకల్లా రొప్పుకుంటూ క్లినిక్ గుమ్మంలో నిలబడితే తలుపు మూసుంది. అక్కడ ఇంకా ఎనిమిదింబావే. అరిజోనాలో గడియారం మార్చరు, ఆ ఊళ్ళో కాలిఫోర్నియా టైమ్ నడుస్తుంది. చలికాలంలో మనకన్నా గంట వెనక. వేసవిలో రెండూ ఒకటే. మా తోడల్లుడు వెళ్ళింది జూన్‌లో, అందుకే చెప్పలేదు.

కారు అమెరికా వైపే వదిలేసి నడిచి దాటాలి. అక్కడి పెద్ద పార్కింగ్ స్థలం క్వెచాన్ తెగవాళ్ళది. రోజుకి ఇంత అని కట్టేసి పది నిమిషాల్లో అవతల ఉంటాం. గేటు దాటగానే రెండువైపులా బ్రోకర్లు. "టీత్? గ్లాసెస్? మెడిసిన్?" చేతిలో కార్డులు. ఒక బోర్డు మీద పెద్ద అక్షరాల్లో 'ఇంప్లాంట్ 599 డాలర్లు'. లోపలికెళ్ళి నా వరస అప్పజెప్పాను: అబట్‌మెంట్ ఎంత, క్రౌన్ ఎంత, స్కాన్ ఎంత, ఎముక పొడి ఎంత. ఐదు నిమిషాల్లో 599 కాస్తా 1,900 అయింది. నాకు కోపం రాలేదు. ఫీనిక్స్‌లోనూ ఫోన్‌లో ఇదే జరిగింది కదా.

ఆరోజు నాలుగు క్లినిక్‌లు తిరిగాం. నేను చూసినవి మూడే మూడు. డాక్టరు లైసెన్సు నంబరు, దాన్ని అక్కడ 'సెదులా ప్రొఫెసియోనల్' అంటారు. గోడ మీద ఉండాలి, ఆ దేశపు ప్రభుత్వ వెబ్‌సైట్‌లో వెతికితే పేరు రావాలి. రెండోది మర ఏ కంపెనీది అన్నది. స్ట్రామన్, నోబెల్ బయోకేర్, ఆస్టెమ్ లాంటి పేరు చెప్తే సరే. "చాలా మంచి జర్మన్ కంపెనీ సార్" అంటే నమస్కారం పెట్టి బయటికి రావడమే. రేపు ఆ మర వదులైతే దానికి సరిపడే స్క్రూడ్రైవర్ ఇంకే డెంటిస్టు దగ్గరా దొరకదు. మూడోది, మర పెట్టేది ఎవరు, క్రౌన్ పెట్టేది ఎవరు అన్నది. ఒకచోట సర్జన్ వారానికి ఒకరోజే వస్తాడట. ఏదైనా తేడా వస్తే ఆ వారమంతా ఎవరిని అడగాలి?

చివరికి గేటుకి కాస్త దూరంగా, బ్రోకర్లు లేని సందులో ఒక క్లినిక్ నచ్చింది. మర 950, ఎముక పొడి 200, అబట్‌మెంట్, క్రౌన్ కలిపి 650, స్కాన్ అందులోనే. మొత్తం 1,800. రాసి, సంతకం చేసి ఇచ్చారు.

తిరిగొచ్చేటప్పుడు లైను. ఈ లైను గురించి ఎంత చెప్పినా తక్కువే. చలికాలంలో కెనడా నుంచి, ఉత్తరాది రాష్ట్రాల నుంచి పెద్దవాళ్ళు వేల సంఖ్యలో యూమాకి దిగుతారు. వాళ్ళందరి పళ్ళూ ఇక్కడే. గంటా యాభై నిమిషాలు నిలబడ్డాం. నా ముందున్న పెద్దాయన మడతకుర్చీ తెచ్చుకున్నాడు, అనుభవజ్ఞుడు. ఎముక కీళ్ళన్నిటికీ మెడికేర్ (పెద్దవయసువాళ్ళకి ఉండే ప్రభుత్వ బీమా) డబ్బులిస్తుంది గానీ పళ్ళకి ఇవ్వదు, అందుకే ఏటా ఇక్కడికి వస్తానన్నాడు. నడుం నొప్పున్నవాళ్ళు పొద్దున్నే వెళ్ళి పదకొండు లోపు తిరిగొచ్చేస్తే మంచిది.

కాగితాల సంగతి చెప్పకపోతే తప్పవుతుంది. మా ఇద్దరికీ గ్రీన్ కార్డులున్నాయి. ఇండియన్ పాస్‌పోర్ట్, గ్రీన్ కార్డు చూపిస్తే మెక్సికో వీసా అక్కర్లేదు. మా కాలనీలో ఒకబ్బాయి కూడా వస్తానన్నాడు. అతనిది ఎచ్1బి, పాస్‌పోర్టులో వీసా స్టాంపు గడువు అయిపోయింది. ముప్పై రోజుల్లోపు తిరిగొచ్చేస్తే పాత స్టాంపుతోనే అమెరికావాళ్ళు రానిచ్చే నియమం ఉందని అతని ధీమా. ఆ నియమం ఉన్నమాట నిజమే, కానీ మెక్సికోవాళ్ళకి కావలసింది గడువున్న అమెరికా వీసా. చెప్పగానే ఆగిపోయాడు. రెండువేలు మిగుల్చుకుందామని స్టేటస్ మీదికి తెచ్చుకోవడం దేనికి?

జనవరిలో సర్జరీ. శుక్రవారం సెలవు పెట్టి ముందురోజు రాత్రికే యూమా చేరాం. ఫ్రీవే పక్కన ఒక మోటెల్, 140 డాలర్లు. చలికాలంలో అక్కడ ఆ ధర మామూలే. గది శుభ్రంగానే ఉంది గానీ తెల్లవార్లూ ట్రక్కుల మోత. అసలే టెన్షన్, దానికి తోడు ఇది.

సర్జరీ మాత్రం నేను భయపడినంత లేదు. మత్తు ఇంజెక్షన్, నలభై నిమిషాలు, దవడలో డ్రిల్లు అదురు తప్ప నొప్పి లేదు. డాక్టరమ్మ ఇంగ్లీషు బాగా మాట్లాడింది. అయిపోయాక ఒక చిన్న పుస్తకం ఇచ్చింది. అందులో మర కంపెనీ పేరు, సైజు, లాట్ నంబరు ఉన్న స్టిక్కర్లు. ఇంప్లాంట్ పాస్‌పోర్ట్ అంటారు. నేను అడక్కుండానే ఇచ్చారు, అదొక్కటి చాలు ఆ క్లినిక్ మీద గౌరవం కలగడానికి. మందులు కూడా చీటీ రాసిచ్చారు. అక్కడా యాంటీబయాటిక్స్‌కి చీటీ కావాలి, ఏదైనా ఊరికే ఇచ్చేస్తారన్నది పాత మాట.

కారులో కూలర్‌లో మా ఆవిడ పెరుగన్నం పెట్టింది. లైను దాటి వచ్చి, పార్కింగ్‌లో కూర్చుని, ఎడమవైపు నమిలీ నమలనట్టు తిన్నాను. మూడు గంటలూ ఆవిడే డ్రైవ్ చేసింది.

డబ్బు కట్టేచోట చిన్న దెబ్బ తగిలింది. మర, ఎముక పొడి కలిపి 1,150. హెచ్‌ఎస్‌ఏ కార్డు (వైద్యం ఖర్చులకి డబ్బు దాచుకునే ఖాతాది) ఇస్తే దానిమీద నాలుగు శాతం, 46 డాలర్లు అదనం. రాసిచ్చిన కాగితంలో ఆ మాట లేదు. అడిగితే "నగదైతే లేదు" అన్నారు. మిగతాది కట్టేటప్పుడు నగదు తీసుకెళ్ళి, రసీదు చూపించి హెచ్‌ఎస్‌ఏ నుంచి ఆ డబ్బు తీసుకున్నాను. వేరే దేశంలో చేయించుకున్నా, అక్కడ చట్టబద్ధమైన వైద్యమే అయితే ఆ ఖాతా డబ్బు వాడుకోవచ్చు. రసీదు మాత్రం ఇంగ్లీషులో, దేనికెంతో విడివిడిగా రాయించుకోవాలి.

ఎముక మరని పట్టుకోవడానికి మూడు నాలుగు నెలలు పడుతుంది. స్వీడన్‌లో బ్రోనెమార్క్ అనే డాక్టరు టైటానియం ఎముకతో కలిసిపోతుందని కనిపెట్టి, 1965లో మొదటి మనిషికి పెట్టాడు. ఇన్నేళ్ళ తర్వాత కూడా మామూలుగా ఎముక పట్టేదాకా ఆగాల్సిందే. "హైదరాబాద్ వచ్చెయ్, మూడువారాల్లో చేయించేద్దాం" అని మా పెద్దమ్మ కొడుకు అన్నాడు గానీ ఈ లెక్కన రెండుసార్లు టికెట్ కొనాలి. ఎలాగూ ఏడాదికి రెండుసార్లు వెళ్ళేవాళ్ళయితే వేరే సంగతి.

మే నెలలో మూడోసారి. ఈసారి సరిహద్దుకి దగ్గర్లో కాసినో ఉన్న హోటల్‌లో దిగాం, రెండు రాత్రులు. చలికాలం వచ్చే పెద్దవాళ్ళంతా వెళ్ళిపోయారు కాబట్టి రాత్రికి 90. నిశ్శబ్దంగా, చల్లగా ఉంది. బయట మాత్రం నిప్పులు. మొదటిరోజు స్కాన్ చేసి కొలతలు తీసుకున్నారు, మూడోరోజు పన్ను బిగించారు. మధ్యరోజు యూమాలో పాత జైలు చూశాం. 1876 నుంచి 1909 దాకా నడిచింది. ఆ చీకటి గది చూశాక డెంటిస్టు కుర్చీ నయమనిపించింది. లైను పదిహేను నిమిషాలే. వేసవిలో వెళ్ళగలిగితే వేసవే మేలు.

జులైలో పన్ను కదిలింది. గుండెలు జారిపోయాయి. మర కాదు, క్రౌన్‌ని పట్టుకునే చిన్న స్క్రూ వదులైంది. క్లినిక్‌కి ఫోన్ చేస్తే వెంటనే పలికారు, "రండి, ఉచితంగా బిగిస్తాం, ఐదేళ్ళ గ్యారంటీ" అన్నారు. ఆ గ్యారంటీలో పెట్రోలు, హోటలు, సెలవు ఉండవు. ఇక్కడి డెంటిస్టు దగ్గరికి ఆ చిన్న పుస్తకం తీసుకెళ్ళాను. "వేరేచోట పెట్టింది మేం ముట్టుకోం" అని మొదట మొహం చిట్లించారు. స్టిక్కర్ చూశాక సరిపడే డ్రైవర్ ఉందన్నారు. 140 డాలర్లు, పది నిమిషాలు.

క్లినిక్‌కి 1,800, కార్డు మీద 46, మూడు ప్రయాణాలకి 600, స్క్రూకి 140. మొత్తం 2,586. ఫీనిక్స్‌లో అడిగినదానిలో సగం. సెలవులు మూడు రోజులు పోయాయి, అవి నేను లెక్కలో వేయలేదు, మా ఆవిడ వేస్తుంది. నాలుగైదు పళ్ళు కావలసినవాళ్ళకి ఈ ప్రయాణం కళ్ళు మూసుకుని దండుగ కాదంటాను, ఎందుకంటే దారిఖర్చు ఒకటికైనా ఐదుకైనా అంతే. ఒక్క పన్నుకయితే అంత గట్టిగా చెప్పలేను. ఇదంతా అయ్యాక తెలిసింది, ఫీనిక్స్ పక్కనే మీసాలోనూ గ్లెండేల్‌లోనూ డెంటల్ కాలేజీలున్నాయి, ప్రొఫెసర్ల పర్యవేక్షణలో విద్యార్థులు వైద్యం చేస్తారు. ఒకచోట ఒక్క పన్నుకి నాకు చెప్పింది 2,900. వెళ్ళిన ప్రతిసారీ మూడు గంటలు కూర్చోవాలి, నిజమే. కానీ స్క్రూ వదులైతే ఇరవై నిమిషాల దూరం.

ఇప్పుడు ఎడమవైపు పైపన్ను సలుపుతోంది. అదే వయసు రూట్ కెనాల్. ఈసారి పీకించేముందు ఇన్సూరెన్స్‌కి ఫోన్ చేశాను, ఈ ప్లాన్‌లో ఉండగా పీకిస్తే సగం ఇస్తారట, 1,500 దాకా. కాలేజీలో పేరు రాయించాను, పిలుపు ఆరువారాల తర్వాత వస్తుందన్నారు.