వీపున బ్యాగు, చేతిలో లెక్కల పుస్తకం: వైజాగ్ నుంచి అరకు, పాడేరు, భీమిలి

'వెయ్యి రూపాయల్లో అరకు', 'రెండు వేలల్లో వంజంగి' అంటూ ఫోన్లలో వీడియోలు తెగ తిరుగుతున్నాయి. వాటిల్లో లెక్క రైలు టికెట్ దగ్గర మొదలై టీ కొట్టు దగ్గర ఆగిపోతుంది. వీపున వేలాడే ఆ బ్యాగు ఎంతకు కొన్నారో, శుక్రవారం సెలవు ఎలా దొరికిందో, మగతోడు లేకుండా వచ్చిన ఆడపిల్లలకి రూము ఎవరిచ్చారో ఒక్కరూ చెప్పరు. నేను గాజువాకలో ఉంటాను, ఓ ప్రైవేటు కంపెనీలో అకౌంట్స్ చూస్తాను. రూపాయి రూపాయి రాసుకోవడం ఎలాగూ అలవాటే. ఈ చలికాలం మా పిన్ని కూతురు, నేను కలిసి అరకు, పాడేరు, భీమిలి తిరిగొచ్చాం. అది ఆంధ్రా యూనివర్సిటీలో ఎమ్మెస్సీ చదువుతోంది. దాని చేతిలో రోజులున్నాయి, డబ్బుల్లేవు. నాకు జీతం ఉంది, సెలవులు లేవు.

అరకు వెళ్లే రైలు, కిరండూల్ ప్యాసింజర్, వైజాగ్‌లో పొద్దున్నే బయల్దేరుతుంది. గాజువాక నుంచి చీకట్లో ఆటో కట్టించుకునే బదులు ముందురోజు రాత్రి ఊళ్లోనే డార్మిటరీలో పడుకుంటే ఖర్చు దాదాపు అంతే అవుతుంది. పైగా ఇలా వీపున బ్యాగుతో చవకగా తిరగడాన్ని బ్యాక్‌ప్యాకింగ్ అంటున్నారు కదా, అసలు ఎవరొస్తున్నారో చూద్దామని. మొదట అడిగిన యాత్రికుల హాస్టల్లో నా ఆధార్ చూసి 'లోకల్స్‌కి ఇవ్వం మేడమ్' అన్నారు. మా చెల్లి ఆధార్‌లో శ్రీకాకుళం జిల్లా అడ్రస్ ఉంది కాబట్టి దానికి ఓకే. చాలా హాస్టళ్లలో ఈ నిబంధన ఉందని అప్పుడే తెలిసింది. ఊళ్లోవాళ్లు పార్టీలకని వచ్చి గొడవ చేస్తారని వాళ్ల భయం. బుక్ చేసే ముందు ఈ ఒక్క మాట అడిగి తెలుసుకోండి. బీచ్ వైపే ఇంకో హాస్టల్‌లో ఇద్దరికీ మంచాలిచ్చారు, ఒక్కోటి ఆరు వందల చిల్లర.

ఆ డార్మిటరీ బాగానే ఉంది. ఆడవాళ్లకి విడిగా గది, మంచానికో కర్టెన్, తలగడ పక్కనే ఛార్జింగ్ పాయింట్, మంచం కింద లాకర్. తాళం మాత్రం మనదే. బాత్‌రూమ్ అందరికీ ఒకటే అయినా శుభ్రంగా ఉంది. ఆ రాత్రి మా గదిలో ఉన్నవాళ్లలో ఒకమ్మాయి బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, పగలంతా కామన్ హాల్లో లాప్‌టాప్ పెట్టుకుని పనిచేసి సాయంత్రం రుషికొండ వెళ్లొచ్చిందట. ఇంకొకావిడ కోల్‌కతాలో స్కూల్ టీచర్, బడి సెలవుల్లో వచ్చారు. దసరా నుంచి సంక్రాంతి దాకా వైజాగ్‌లో బెంగాలీ కుటుంబాల సందడి ఎలాగూ ఉంటుంది గానీ, వాళ్లలో ఇలా ఒంటరిగా బ్యాగు వేసుకుని తిరిగే వాళ్లు తక్కువని ఆవిడే అన్నారు. మగపిల్లల గదిలో హైదరాబాద్ నుంచి బైకుల మీద వచ్చిన బ్యాచ్. అందరూ మంచి జీతగాళ్లే. రిసెప్షన్‌లో కూర్చున్న కుర్రాడిది విజయనగరం వైపు ఊరు. 'అరకు చూశావా తమ్ముడూ' అంటే, 'శని ఆదివారాలే కదక్కా మాకు జనం. ఇంకెప్పుడెల్తాను?' అన్నాడు.

రైల్వే డార్మిటరీ ఇంకా చవక. కానీ దాన్ని బుక్ చేసుకోవాలంటే కన్ఫర్మ్ అయిన టికెట్టో, ఆర్ఏసీ టికెట్టో ఉండాలి. జనరల్ టికెట్ మీద వెళ్లే మాలాంటివాళ్లకి అది అక్కరకు రాదు. స్టేషన్‌లో క్లోక్‌రూమ్ వాడుకునేవాళ్లు ఒకటి గుర్తుంచుకోవాలి. తాళం లేని సామాను తీసుకోరు. బ్యాక్‌ప్యాక్ జిప్‌లకి తాళం ఎక్కడేస్తాం? రెండు జిప్‌ల రింగులూ కలిపి చిన్న తాళంకప్ప వేస్తే సరిపోతుంది. మాకు ముందున్న కుర్రాడు బయటికి పరిగెత్తి తాళం కొనుక్కొచ్చేసరికి క్యూ అంతా వాడికోసం నిలబడింది.

రైలు సంగతి కాస్త వివరంగా చెప్పాలి, మొత్తం ప్రయాణంలో డబ్బుకి తగ్గ సుఖం దక్కింది అక్కడే. కొత్తవలస, కిరండూల్ మధ్య ఈ లైను వేసింది యాత్రికుల కోసం కాదు. 1960లలో ఛత్తీస్‌గఢ్ వైపు బైలదిల్లా గనుల ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు తెచ్చి జపాన్‌కి ఎగుమతి చేయడానికి వేశారు. ఇప్పటికీ సైడింగుల్లో ఖనిజం నింపుకున్న గూడ్స్ బళ్లు కనిపిస్తూనే ఉంటాయి, వాటికి దారివ్వడానికి మన బండి ఆగుతూనే ఉంటుంది. అద్దాల విస్టాడోమ్ బోగీ 2017లో వచ్చింది. జనరల్ టికెట్ వంద రూపాయల లోపే, విస్టాడోమ్ దానికి ఎన్నో రెట్లు. ఒకసారి ఆఫీసువాళ్లతో విస్టాడోమ్‌లో కూడా వెళ్లాను. సీటు తిరుగుతుంది, ఏసీ ఉంటుంది, ఫొటోలు బాగా వస్తాయి. అయినా నా ఓటు జనరల్‌కే. శృంగవరపుకోట దాటాక ఘాట్ మొదలవుతుంది, శివలింగపురం, టైడా, చిమిడిపల్లి అంటూ స్టేషన్ స్టేషన్‌కీ గాలి చల్లబడుతుంది. సొరంగం రాగానే బోగీలో పిల్లలంతా ఒక్కసారిగా కేకలు పెడతారు, సొరంగం దాటగానే సీతాఫలాల గంప పట్టుకున్న ఆవిడ ఏమీ జరగనట్టు మళ్లీ బేరం మొదలుపెడుతుంది. అద్దాల బోగీలో ఆ గంప ఉండదు. చలికాలం సెలవు రోజుల్లో మాత్రం జనరల్‌లో సీటు దొరకడం కష్టం. గంట ముందే ప్లాట్‌ఫామ్ మీద ఉండాలి.

బొర్రా గుహలు స్టేషన్‌లో దిగాం. చేతిలో తినే వస్తువేదీ కనబడనివ్వకండి, కోతులు రైలు టైముకే వస్తాయి. గుహలు చూసిందే అయినా మళ్లీ చూశాను. లోపల సున్నపురాయి మీద నీళ్లు చుక్కచుక్కగా పడి కట్టిన ఆకారాలు ఎన్నిసార్లు చూసినా విసుగు రావు, రంగు లైట్లు మాత్రం తీసేస్తే బాగుండును. అసలు తంటా బయట. కటికి జలపాతానికి జీపు కావాలి, జీపు మనిషి లెక్కన కాదు, బండి లెక్కన. ఎనిమిది మంది కూర్చునే బండి ఇద్దరం కట్టించుకుంటే డార్మిటరీ బెడ్ల డబ్బుకి రెట్టింపు. మా చెల్లి అక్కడే నిలబడి విజయనగరం నుంచి వచ్చిన ఒక కుటుంబాన్ని మాటల్లో పెట్టింది. 'ఆంటీ, మీరూ కటికేనా? కలిసి ఎల్దామా?' అని అడిగేసరికి ఆవిడకీ ఖర్చు తగ్గిన సంతోషం. ఒంటరిగా తిరిగేవాళ్లకి అసలు దెబ్బ తగిలేది ఇక్కడే. రైలు, బస్సు చవకే, ఆ చివరి ఏడెనిమిది కిలోమీటర్లే జేబు ఖాళీ చేస్తాయి.

అరకులో రూము కథ వేరు. ఫోన్లో ఒప్పుకున్న ఒక లాడ్జీవాళ్లు మమ్మల్ని చూశాక 'జెంట్స్ ఎవరూ రాలేదా' అని అడిగి, రూము ఖాళీ లేదన్నారు. మా వెనకే వచ్చిన జంటకి తాళం ఇచ్చారు. ఇంకోచోట ఉన్నాయి గానీ శనివారం రేటు చెప్పగానే మా చెల్లి బ్యాగు మళ్లీ భుజానికెత్తింది. పర్యాటక శాఖవాళ్ల హరిత రిసార్టు కుటుంబంతో వచ్చేవాళ్లకి బాగుంటుంది, మా బడ్జెట్‌కి కాదు. చివరికి ఊరికి కాస్త దూరంలో ఒక గిరిజన కుటుంబం నడిపే హోమ్‌స్టే దొరికింది. ఆటో డ్రైవరే చెప్పాడు. ఇంటావిడ మమ్మల్ని చూసి, 'ఇద్దరే వచ్చారేటమ్మా? మగోళ్లెవరూ రానేదా?' అని ఆవిడా అడిగింది, కానీ అడుగుతూనే చాప వేసింది.

మట్టిగోడల గది, రెండు పరుపులు, మూడేసి దుప్పట్లు. బాత్‌రూమ్ పెరట్లో. పొద్దున కట్టెల పొయ్యి మీద కాచిన వేణ్ణీళ్లు బకెట్‌తో తెచ్చిచ్చారు, ఆ నీళ్లకి పొగవాసన. సిగ్నల్ కంచె దగ్గర నిలబడితేనే. రాత్రికి అన్నం, పప్పు, నాటుకోడి కూర, అన్నీ కలిపి లాడ్జీ అడిగిన దానిలో సగం. చలి తట్టుకోలేనివాళ్లకి, రాత్రిపూట బయటికి వెళ్లడానికి భయపడేవాళ్లకి ఇది పడదు. నాకు మాత్రం పెట్టిన డబ్బుకి బాధ లేదు. రోడ్డు పక్క బొంగులో చికెన్ తినాలనుకునేవాళ్లు బొంగు కాలకముందే ధర మాట్లాడుకోండి. కాఫీ పొడి కావాలంటే గిరిజన సహకార సంస్థ దుకాణంలో కొనండి. 1956 నుంచి ఉన్న సంస్థ, రేటు ప్యాకెట్ మీదే ఉంటుంది.

తెల్లవారుజామున కొండెక్కి కింద పరుచుకున్న మేఘాలు చూసే చోటు, పాడేరు దగ్గరి వంజంగి గురించి రెండే ముక్కలు. మేఘాలు కనిపిస్తే అద్భుతం, కనిపించకపోతే మూడున్నరకి లేచి చలిలో కొండెక్కినందుకు మిగిలేది కాళ్ల నొప్పులే. మాకు కాసేపు కనిపించాయి. ఆదివారం కావడంతో కింద బళ్ల బారు, పైన బ్లూటూత్ స్పీకర్లు, దారి పొడవునా నూడిల్స్ కప్పులు. వారం మధ్యలో వెళ్లగలిగితేనే వెళ్లండి.

తిరుగు ప్రయాణం చోడవరం మీదుగా ఆర్టీసీ బస్సులో. 2025 ఆగస్టు 15న ఉచిత బస్సు పథకం స్త్రీశక్తి మొదలయ్యాక పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ లాంటి బస్సుల్లో రాష్ట్రంలోని ఆడవాళ్లకి టికెట్ డబ్బు లేదు. ఆధార్ చూపిస్తే కండక్టర్ సున్నా టికెట్ కొట్టిస్తాడు. అన్ని సర్వీసులకీ వర్తించదు కాబట్టి ఎక్కే ముందు అడగడం మంచిది. ఆడపిల్లగా రూము దగ్గర పోగొట్టుకున్నది బస్సులో కొంత తిరిగొచ్చిందని మా చెల్లి లెక్క. మిగిలిన డబ్బు మాడుగులలో హల్వాకి పోయింది. ఆ హల్వా మాత్రం చవక కాదు.

మర్నాడు 900కె సిటీ బస్సు ఎక్కి భీమిలి. బ్యాక్‌ప్యాకింగ్ నిజంగా ఖర్చు లేకుండా చేయాలంటే వైజాగ్‌వాళ్లకి ఈ దారే. రుషికొండ, తొట్లకొండ బౌద్ధ విహారాలు, భీమిలిలో డచ్చివాళ్ల సమాధులు, అన్నీ బస్సూ కాలినడకతో అయిపోతాయి. తొట్లకొండ మీద భిక్షువుల గదులు చూస్తే మా డార్మిటరీ మంచం కన్నా కాస్తే పెద్దవి. బొర్రా గుహల దగ్గర కిందినుంచి పారే గోస్తనీ నది ఇక్కడే భీమిలిలో సముద్రంలో కలుస్తుంది. నది మొదట్లో ఒకరోజు, చివర్లో ఒకరోజు గడిపినట్టయింది, అలా కావాలని ప్లాన్ చేసింది కాకపోయినా.

ఇక సామాన్లు. మంచి కంపెనీ నలభై లీటర్ల బ్యాగు, ట్రెక్కింగ్ షూ, జాకెట్, స్లీపింగ్ బ్యాగ్ అంటూ కొనుక్కుంటూ పోతే మొదటి ట్రిప్పుకి ముందే ఒక నెల అద్దె డబ్బు అయిపోతుంది. మా చెల్లి కాలేజీ బ్యాగే తెచ్చింది, రోడ్డు పక్క కొన్న స్వెట్టర్ వేసుకుంది, బ్యాగు మీద పెద్ద పాలిథిన్ కవర్ కప్పింది. దాని వల్ల ఏ ఇబ్బందీ రాలేదు. బూట్లు మాత్రం పట్టున్నవి ఉండాలి, కటికి దగ్గర రాళ్లు జారుతాయి. బరువు ఆరేడు కిలోలు దాటనివ్వకండి.

అసలు మన ఊళ్లో ఈ పని ఎప్పటినుంచో చేస్తున్నవాళ్లు ఉన్నారు. ఆషాఢ పౌర్ణమికి సింహాచలం గిరిప్రదక్షిణ చూడండి. కొండ చుట్టూ దాదాపు 32 కిలోమీటర్లు, లక్షల మంది, చేతిలో ఒక గుడ్డసంచి, కాళ్లకి చెప్పులు కూడా లేకుండా రాత్రంతా నడుస్తారు. దారి పొడవునా మజ్జిగ, పులిహోర ఊరివాళ్లే పెడతారు. భవన నిర్మాణ కూలీలు, చేపలు అమ్మే ఆడవాళ్లు, రిటైరైన స్టీల్‌ప్లాంట్ ఉద్యోగులు అందరూ ఉంటారు. డార్మిటరీలో నాకు కనిపించని మనుషులంతా అక్కడే కనిపిస్తారు. దేవుడి పని అంటే మేస్త్రీ కూడా సెలవిస్తాడు, అరకు అంటే ఇవ్వడు.

మొత్తం లెక్క వేస్తే మనిషికి నాలుగు వేల రూపాయలకి కాస్త అటూఇటుగా తేలింది, హల్వాతో సహా. మా చెల్లికి అది రెండు నెలల మెస్ బిల్లు, కొంత నేనే సర్దాను. నాకు మాత్రం ఆ నాలుగు వేలు పెద్ద పద్దు కాదు. సెలవులు అయిపోయి లాస్ ఆఫ్ పే పడింది, జీతంలో కోసుకున్నది రైలు, రూము, జీపు, తిండి అన్నీ కలిపినదాని కన్నా ఎక్కువ. ఏ వీడియోలోనూ రాని పద్దు ఇది. లాప్‌టాప్ అమ్మాయి డార్మిటరీలో కూర్చుని పనిచేసుకోగలిగింది కనుక ఆమెకి ఈ ఖర్చే లేదు. రోజుకూలీకి ఇది పూర్తి ఖర్చు, అందుకే అతను డార్మిటరీలో కనిపించడు.

వెళ్లాలనుకునేవాళ్లు సంక్రాంతి దాటాక, వారం మధ్యలో పెట్టుకోండి. చలి కొంత ఉంటుంది, జీపులవాళ్లు బేరానికి దిగుతారు. మమ్మల్ని వద్దన్న లాడ్జీకే ఫిబ్రవరిలో ఒక మంగళవారం ఫోన్ చేసి చూశాను. రేటు సగానికి సగం తగ్గింది, జెంట్స్ ఎవరైనా వస్తున్నారా అని కూడా అడగలేదు.