సెకండ్ హ్యాండ్ బండి మిట్ట మధ్యాహ్నమే చూడండి: మా గండికోట యాత్ర

దూర ప్రయాణాలకు సెకండ్ హ్యాండ్ బండి కొనాలనుకునేవాళ్లు దాన్ని పొద్దున్నే చూడటానికి వెళ్లకండి. మధ్యాహ్నం రెండింటికి వెళ్లండి. ఎండలో నిలబెట్టి పావుగంట ఇంజిన్ ఆన్‌లో ఉంచమనండి. ఇంజిన్‌ను ద్రవంతో చల్లబరిచే రేడియేటర్ ఉన్న బండి అయితే, దాని ఫ్యాన్ తిరిగే చప్పుడు మీ చెవులతో వినేదాకా ఒక్క రూపాయి కూడా అడ్వాన్సు ఇవ్వకండి. నేను ఉదయం ఏడింటికి వెళ్లి చూశాను. దాని ఫలితం మే నెలలో, 43 డిగ్రీల ఎండలో, కర్నూలు రాజ్‌విహార్ సెంటర్లో తెలిసింది.

మా బావమరిదికి హిమాలయన్ 411 బైకు ఉంది. ఈ వేసవిలో ఇద్దరం యాగంటి, బెలూం గుహలు, గండికోట తిరిగి రావాలని అనుకున్నాం. నేను డామినార్ 400 బైకు ఎంచుకున్నాను. హిమాలయన్‌ది గాలితో, ఆయిల్ కూలర్‌తో చల్లబడే ఇంజిన్. ఫ్యాన్, కూలంట్ (రేడియేటర్లో తిరిగే ద్రవం), గొట్టాల గొడవ లేదు, ట్యాంకులో 15 లీటర్లు పడుతుంది. కానీ హైవే మీద నాకు ఇంకాస్త ఊపు కావాలి. డామినార్ 373 సీసీ, లిక్విడ్ కూలింగ్. ట్యాంకు 13 లీటర్లే అయినా వందలో పోతున్నా అలసట తెలియదు. సిటీలో ఆగినప్పుడు ఫ్యాన్ తోసే వేడి గాలి కాళ్లకు తగులుతుంది. అది నాకు ముందే తెలుసు, ఒప్పుకునే కొన్నాను.

2019 మోడల్, 34 వేల కిలోమీటర్లు తిరిగిన బండి 1,18,000కు తీసుకున్నాను. ఆర్సీ మార్పిడి, ఇన్సూరెన్సు కలిపి ఇంకో 4,500 అయింది. అమ్మినాయన సెకండ్ హ్యాండ్ బళ్ల వ్యాపారే. ఇంజిన్ కడిగి మెరిపించి పెట్టాడు. సర్వీస్ రోడ్డు మీద పది కిలోమీటర్లు నడిపి చూస్తే వెన్నలా పోయింది. ఎండలో ఎలా ఉంటుందని అడిగితే, "లాంగ్ బండి సార్, ఎంత ఎండైనా తట్టుకుంటుంది" అన్నాడు. ఆ మాట మీద నమ్మకంతో యాత్రకు పది రోజుల ముందు బండి ఇంటికి తెచ్చాను.

ఆ పది రోజుల్లో ఎండ కోసం చేయించిన పనులు ఇవి. రెగ్జిన్ సీటు మీద గాలి ఆడే మెష్ కవర్, 1,150. మెష్ జాకెట్, 5,800. రేడియేటర్‌కు రాళ్లు తగలకుండా జాలీ, 900. కూలంట్ పూర్తిగా తీసేసి కొత్తది పోయమని మా వీధి మెకానిక్‌కు 600 ఇచ్చాను. అతను పాతది తీయకుండా రేడియేటర్ పక్క డబ్బాలో కాస్త పోసి పంపేశాడని తర్వాత తెలిసింది.

తెల్లవారుజామున నాలుగున్నరకు హైదరాబాద్‌లో బయల్దేరాం. జడ్చర్ల, కొత్తకోట దాటడం కూడా తెలియలేదు. ఆంధ్రలో పెట్రోలు ధర ఎక్కువ కాబట్టి, తుంగభద్ర దాటకముందే ట్యాంకు నింపుకోండి.

కర్నూల్లో టిఫిన్ చేసి, కాసేపు కొండారెడ్డి బురుజు చూసి, పదిన్నరకు ట్రాఫిక్‌లో పడ్డాం. పది నిమిషాలకు మీటర్లో ఎర్ర లైటు వెలిగింది, ఇంజిన్ వేడెక్కిందని. హైవే మీద ఎదురుగాలే రేడియేటర్‌ను చల్లబరుస్తుంది కాబట్టి అప్పటిదాకా ఏమీ తెలియలేదు. ఆగి ఆగి నడిచేచోటే ఫ్యాన్ పని. అది తిరగడం లేదు. బండి ఆపి వేపచెట్టు కిందికి నెట్టుకెళ్లాం. మా బావమరిది నీళ్ల బాటిల్ తీసి రేడియేటర్ మూత తిప్పబోయాడు. చెయ్యి పట్టుకుని ఆపాను. వేడి మీద ఆ మూత తీస్తే మరిగే నీళ్లు ముఖం మీదికే చిమ్ముతాయి. "మరి ఏం చేద్దాం బావా, ఇక్కడే కూర్చుందామా?" అన్నాడు విసుగ్గా. కష్టపడి మూడు రోజులు సెలవు తెచ్చుకున్నాడు, ఆ విసుగులో తప్పు లేదు. నలభై నిమిషాలు కూర్చున్నాం.

ఓ పెద్దాయన మెకానిక్ షెడ్డు దగ్గర్లోనే దొరికింది. ట్యాంకు ఎత్తి చూసి, "ఫ్యాను కనెక్టరు ఎవరో కావాలనే పీకినారు సార్" అన్నాడు. మోటార్ బిగుసుకుపోయింది. అది ఫ్యూజు కొట్టేస్తుంటే, కొత్తది వేయకుండా వైరు ఊడదీసి టేపు చుట్టి ట్యాంకు కింద దాచారు. చూసి నాకు ఒళ్లు మండింది. పాత బండిలో పాత లోపాలు ఉంటాయి, అది తెలిసే కొంటాం. కనపడకుండా టేపు చుట్టి దాచడం మాత్రం మోసమే. రేడియేటర్ కింద గొట్టం విప్పితే కూలంట్‌కు బదులు తుప్పు రంగు నీళ్లు వచ్చాయి. నేను కొన్న జాలీ కూడా మరీ సన్నది, దుమ్ము పట్టి గాలికే అడ్డం పడుతోంది. అది తీసి పక్కన పెట్టేశాడు.

ఫ్యాన్ కర్నూల్లో దొరకలేదు. పెద్దాయన హైదరాబాద్‌లో తనకు తెలిసిన షాపుకు ఫోన్ చేసి, రాత్రి బస్సులో పార్సిల్ వేయించాడు. ఫ్యాన్ 2,650, పార్సిల్ 120, కూలంట్ 380. కూలీ అడిగితే 300 చాలన్నాడు, బలవంతంగా ఐదొందలు ఇచ్చాను. మాకు మజ్జిగ తెప్పించి, మా ముందే అంతా విప్పి చూపించి చేశాడు. మా వీధి మెకానిక్ ఆరొందలు తీసుకుని చేయని పని ఈయన చేశాడు.

ఆ రాత్రి లాడ్జి సంగతీ చెప్పాలి. బస్టాండు దగ్గర ఏసీ గది 1,600 అన్నారు, డబ్బు ముందే కట్టించుకున్నారు. పై అంతస్తు. పగలంతా కాగిన స్లాబు రాత్రంతా సెగ కక్కింది. ఏసీలోంచి ఫ్యాను గాలే వచ్చింది. రాత్రి పదింటికి కుళాయి తిప్పితే చెయ్యి పెట్టలేనంత వేడి నీళ్లు. కౌంటర్లో అడిగితే "పదకొండు దాటితే చల్లబడుతుంది సార్" అన్నాడు. గొడవ పడితే ఇంకో 300 తీసుకుని మొదటి అంతస్తుకు మార్చాడు. ఎండాకాలంలో పై అంతస్తు గది ఊరికే ఇచ్చినా వద్దు. ఏసీ పది నిమిషాలు వేయించి చూశాకే డబ్బు తీయండి.

మర్నాడు పొద్దున్న ఉగ్గాని, మిరపకాయ బజ్జి తిన్నాకే మా బావమరిది నాతో మాట్లాడాడు. ప్లేటు 50 రూపాయలు. వేడి బజ్జి కొరుకుతూ, పుట్నాల పొడి చల్లిన ఉగ్గాని తింటుంటే ముందురోజు కోపం సగం దిగింది. ఇద్దరం రెండో ప్లేటు కూడా తిన్నాం.

అసలు పరీక్ష బనగానపల్లె దాటాక. యాగంటి కోనేట్లో కాళ్లు పెట్టుకుని చల్లబడి బయల్దేరాం. కొలిమిగుండ్ల వైపు దారికి అటూ ఇటూ నాపరాళ్ల పాలిష్ ఫ్యాక్టరీలు, తెల్లటి దుమ్ము, కళ్లు తెరవనివ్వని వెలుతురు. రాళ్ల లారీల వెనక ఇరవై స్పీడులో పోవాల్సి వచ్చింది. రేడియేటర్ ఫ్యాన్ బుర్రుమంటూ మొదలై, కాసేపటికి దానంతట అదే ఆగింది. ఆ చప్పుడు వింటే ప్రాణం లేచొచ్చింది. బెలూం గుహల్లో చల్లగా ఉంటుందనుకుని వెళ్లేవాళ్లకు ఒక మాట. లోపల ఉక్కపోత, పాతాళగంగ దాకా దిగితే చొక్కా పిండుకోవాలి. మొత్తం 3,229 మీటర్లలో కిలోమీటరున్నర దాకా తిరగనిస్తారు. నీళ్ల బాటిల్ తప్పనిసరి. గండికోటకు సాయంత్రం ఐదింటికి చేరాం. పెన్నా లోయ అంచున పొద్దు గుంకేదాకా కూర్చున్నాం, ఇద్దరం ఏమీ మాట్లాడుకోలేదు.

పెట్టిన ఖర్చులో సీటు కవరే అన్నిటికన్నా మేలు చేసింది. మెష్ జాకెట్ ఒక్కటే చాలదు. గాలి మన ఒంటికన్నా వేడిగా ఉన్నప్పుడు ఎంత గాలి తగిలితే అంత కాలుతుంది. లోపల కాటన్ బనియన్ తడిపి వేసుకున్నాకే హాయిగా అనిపించింది, అది ముప్పావుగంటలో ఆరిపోతుంది, మళ్లీ తడపాలి. టైర్లలో గాలి పొద్దున చల్లగా ఉన్నప్పుడే చూసుకోండి. ఎండలో ప్రెషర్ పెరిగిందని గాలి తీసేయకండి. ఫోన్ హ్యాండిల్ మీద పెడితే కాసేపటికే వేడెక్కి ఆగిపోతుంది, దారి ముందే చూసుకుని జేబులో పెట్టుకోవడం మేలు.

తిరుగు ప్రయాణంలో బనగానపల్లెలో ఐదు కిలోల మామిడిపళ్లు కొన్నాం, కిలో 70. సైలెన్సర్ వైపు బ్యాగులో పెట్టకండి, ఆ వేడికి మగ్గిపోతాయి.

ఇంటికొచ్చాక బండి అమ్మినాయనకు ఫోన్ చేశాను. ఊడదీసిన వైరు ఫొటో కూడా పంపాను. "సెకండ్ హ్యాండ్ అంటే అంతే కదా సార్" అని పెట్టేశాడు. వచ్చే ఆదివారం మా బావమరిది స్నేహితుడి కోసం ఇంకో బండి చూడటానికి వెళ్తున్నాం. అమ్మేవాళ్లు పొద్దున్నే రమ్మన్నారు. మధ్యాహ్నం రెండింటికే వస్తామని మా బావమరిది గట్టిగా చెప్పాడు.