పాత స్టాక్ 6 వోల్టుల కాయిలు అంటారు, నమ్మకండి బాబూ (బుల్లెట్టు ఉన్నోళ్ళకి జాగ్రత్త)

పాత బుల్లెట్టు ఉన్న అన్నలూ తమ్ముళ్ళూ, 6 వోల్టుల కాయిలు (ప్లగ్గులో స్పార్కు పుట్టించే సామాను) ఉంది అని ఎవరైనా ఫోనులో చెప్తే మీటరు పెట్టి చూసేదాకా రూపాయి కూడా వెయ్యకండి. నేను 3,200 వేశాను, బిల్లు లేదు ఏం లేదు. షాపు పేరు ఇక్కడ రాయట్లేదు, పేరు మార్చి ఇంకో నంబరుతో వస్తే ఎలాగూ లాభం లేదు, సరుకు ఎలా ఉంటుందో చెప్తే మీరే పట్టేస్తారు.

మాది రాజోలు దగ్గర. బండి మా నాన్నగారిది, మద్రాసు తిరువొత్తియూరు ఫ్యాక్టరీలో తయారైన 350, పాయింట్ల బండి (కాయిలుకి కరెంటు ఇస్తూ తెంపుతూ ఉండే రెండు బిళ్ళలే పాయింట్లు), 6 వోల్టులు. మొన్న నరసాపురంలో పనుండి సఖినేటిపల్లి రేవులో పంటు (బళ్ళని గోదావరి దాటించే పడవ) ఎక్కించి అవతల దింపితే కిక్కు మీద కిక్కు కొట్టినా ఉలుకూ పలుకూ లేదు, వెనకాల దిగాల్సిన కొబ్బరికాయల ఆటో వాడు హారను కొడుతూనే ఉన్నాడు, ఇద్దరు కుర్రాళ్ళు పాపం గట్టు మీదకి తోసిపెట్టారు. ఒక ఇరవై నిమిషాలు టీ తాగి వచ్చి కొడితే ఒక్క కిక్కుకే అందుకుంది. మళ్ళీ పాలకొల్లు రోడ్డులో నాలుగైదు కిలోమీటర్లకే వేడెక్కి ఆగిపోయింది. ప్లగ్గు విప్పి క్యాపుకి తగిలించి హెడ్డు మీద ఆనించి కొడితే (ఈ పని పెట్రోలు కారే చోట చెయ్యకండి, ట్యాపు కట్టేసి చెయ్యండి) సన్నగా పసుప్పచ్చటి స్పార్కు, అదీ ఒకటి వస్తే రెండు రావట్లేదు. మంచి స్పార్కు నీలంగా ఉండి టిక్కు టిక్కుమని వినపడాలి.

అప్పుడు చేసిన తప్పు నాదే, ఒప్పుకుంటాను. పాయింట్ల మూత విప్పి చూడాల్సింది పోయి ఫోను తీశాను. తెలిసినాయన ఒకాయన నంబరిచ్చాడు. అవతలాయన పూర్తిగా వినకుండానే "కాయిలు పోయిందండి, వేడెక్కితే ఆగిందంటే కాయిలే, నా దగ్గర నలభై ఏళ్ళ నాటి పాత స్టాక్ ఒక్కటే మిగిలింది, ఇంకోళ్ళు కూడా అడుగుతున్నారు" అన్నాడు. ఆ ఒక్కటే మిగిలింది అన్న మాటకే మనం పడిపోతాం కదా, వెంటనే డబ్బులు కొట్టేశాను, మూడో రోజు బస్సు పార్సిల్లో వచ్చింది.

బిగించాక బండి స్టార్టయింది, నిజమే. చల్లగా ఉన్నంతసేపు బాగానే తిరిగింది. సాయంత్రం హెడ్‌లైటు వేశానో లేదో టప్ టప్ మని కొట్టుకుని చచ్చిపోయింది. ఫోను చేస్తే "అయితే పాయింట్లు తీసేసి ఎలక్ట్రానిక్ కిట్టు పెట్టించుకోండి, 4,500" అంటాడు. వాపసు తీసుకో అంటే ఎలక్ట్రికల్ సామాను వాపసు ఉండదన్నాడు, తర్వాత నా నంబరు బ్లాకు చేశాడు.

ఆ కోపంలో మా తమ్ముడి మల్టీమీటరు తెచ్చి కూర్చున్నాను. కాయిలుకి వైర్లు ఊడదీసి రెండు చిన్న టెర్మినళ్ళ మధ్య ఓమ్స్ (కరెంటుకి ఎంత అడ్డుందో చెప్పే అంకె) చూడాలి, ముందు మీటరు రెండు పిన్నులూ ఒకదానికొకటి ఆనిస్తే వచ్చే అంకె, అర ఓము లోపు ఏదో వస్తుంది, అది తీసెయ్యాలి. పాడైపోయిందన్న నా పాత కాయిలు 1.6 చూపించింది. పాత స్టాక్ కాయిలు 3.9! అది 12 వోల్టుల కాయిలండి బాబూ. 6 వోల్టుల బ్యాటరీ మీద పెడితే దాంట్లోకి వెళ్ళే కరెంటు సగం కూడా ఉండదు, ఇంక హెడ్‌లైటు కూడా వేస్తే బ్యాటరీ వోల్టేజి కిందకి దిగి ఆ కాస్త స్పార్కు కూడా పోతుంది. 6 వోల్టులు అని ఉన్న స్టిక్కరు గోరుతో గీకితే కింద 12 అని అచ్చు కనపడింది. ఇంకా నవ్వొచ్చేదేంటంటే నలభై ఏళ్ళ నాటి డబ్బా అడుగున జీఎస్టీ నంబరు అచ్చేసి ఉంది. జీఎస్టీ వచ్చింది 2017 జూలైలో!

మీటరు లేకపోతే బండి మీదున్న ఆంపియర్ మీటరు చాలు. లైట్లు ఆపి తాళం ఆన్ చేసి కిక్కు మెల్లగా చేత్తో నొక్కితే పాయింట్లు మూసుకున్నప్పుడు ముల్లు మైనస్ వైపు వాలుతుంది, తెరుచుకోగానే సున్నాకొస్తుంది. సరైన 6 వోల్టుల కాయిలుకి మూడు నాలుగు ఆంపియర్ల దగ్గరకి వాలింది, వాడిచ్చినదానికి ఒకటిన్నర దాటలేదు. అసలు ముల్లు కదలకపోతే పాయింట్లు అంటుకోవట్లేదు, లేదా వైరు ఎక్కడో తెగింది. ఎప్పుడూ సున్నాకి రాకపోతే ఎక్కడో బాడీకి తగులుతోంది. చూశాక తాళం ఆఫ్ చెయ్యండి, పాయింట్లు మూసుకుని ఉండగా తాళం ఆన్‌లో వదిలేస్తే కాయిలు వేడెక్కి నిజంగానే పోతుంది.

మరి అసలు జబ్బేంటంటారా, కండెన్సరు. పాలకొల్లులో ఒక పెద్ద మేస్త్రిగారి దగ్గరకి తీసుకెళ్తే మూత విప్పి పాయింట్లు చూసి ఇది కాయిలని ఎవడు చెప్పాడయ్యా అన్నాడు. పాయింట్లు నల్లగా మాడిపోయి ఉన్నాయి. పాయింట్లు తెరుచుకునేటప్పుడు కరెంటు ఆ సందులో నిప్పురవ్వ అయి దూకకుండా కండెన్సరు లాక్కోవాలి, అప్పుడే కాయిల్లో కరెంటు ఒక్కసారిగా తెగి ప్లగ్గు దగ్గర గట్టి దెబ్బ కొడుతుంది. అది వేడెక్కినప్పుడు లీకయితే నిప్పంతా పాయింట్ల దగ్గరే, ప్లగ్గుకి మిగిలేది ఆ పసుపురంగు దారం. చల్లారాక మళ్ళీ బాగానే ఉంటుంది, అందుకే కాయిలు అని చెప్పి అమ్మడం తేలిక, రెండిటి లక్షణాలూ ఒకటే. కొత్త కండెన్సరుకి వంద నోటిస్తే చిల్లర కూడా వచ్చింది.

పైగా మన కోనసీమలో వానాకాలం బండి షెడ్డులో పెట్టి నెలా రెండు నెలలు తియ్యకపోతే చెమ్మకీ ఉప్పుగాలికీ పాయింట్ల మీద తుప్పు పొర కడుతుంది, అది కూడా స్పార్కు తినేస్తుంది. మేస్త్రిగారు సన్నటి ఎమరీ కాగితంతో రెండుసార్లు రుద్ది, పెట్రోలు గుడ్డతో తుడిచి, తెల్లకాగితం ముక్క మధ్యలో పెట్టి లాగి, గ్యాపు 0.35 నుంచి 0.40 మిల్లీమీటర్ల మధ్య పెట్టాడు. ఫీలర్ గేజి (గ్యాపు కొలిచే సన్న రేకులు) లేకపోతే గడ్డం గీసుకునే బ్లేడు ఒక్కోటి 0.1 ఉంటుంది, నాలుగు కలిపి పెట్టుకోండి, చెయ్యి జాగ్రత్త. నా పాత కాయిలే మళ్ళీ బిగించాడు. చించినాడ బ్రిడ్జి మీదుగా లైటేసుకుని ఇంటికొచ్చాను, ఒక్కసారి కూడా దగ్గలేదు.

1915 వినియోగదారుల హెల్ప్‌లైనుకి చేద్దామని ఉంది, కానీ నా చేతిలో ఉన్నది డబ్బులు పంపిన మెసేజి, ఆ స్టిక్కరు గీకిన కాయిలు, అంతే. మీరు కొంటే ముందు మీటరు అంకె వీడియో తీసి పంపమనండి, వంకలు చెప్తే ఫోను పెట్టెయ్యండి. ఇప్పటికే కొనేసి అనుమానం ఉన్నోళ్ళు రాజోలు వైపు వస్తే పట్టుకురండి, మీటరు కొనేశాను, చూసిపెడతాను. కిక్కు మాత్రం మీరే కొట్టుకోవాలి, ఆ పంటు రేవులో కొట్టిన కొట్టుడికి నా మోకాలు ఇంకా మడత పడట్లేదు.