పండ్ల బ్లాక్ టీనా, మసాలా బ్లాక్ టీనా?

హన్మకొండలో మా ఇంట్లో చాయ్ అంటే చిక్కటి పాలు పడాల్సిందే, అయినా ఈసారి పాలు లేకుండా రెండు రకాల బ్లాక్ టీలు వారం రోజులు పక్కపక్కన పెట్టి తాగాను. రెంటికీ 200 మి.లీ. మరిగిన నీళ్లకు 2 గ్రాముల ఆకు.

పీచ్ టీ మూత తీయగానే వాసనతో మనసు లాగేస్తుంది, కానీ నోట్లోకి వెళ్లాక ఆ వాసనకు తగ్గ తీపి ఉండదు, ఎందుకంటే చాలా పండ్ల టీల్లో పరిమళం ఎండు ముక్కల కంటే ఆకుకు పట్టించిన ఫ్లేవర్ నుంచే ఎక్కువగా వస్తుంది. మూడు నిమిషాలు దాటిందా, వగరెక్కి పండు మాయం. నిమ్మ, మందార కలిసినవైతే పాలు పోయకండి, పులుపుకి విరిగిపోతాయి. ఐసు వేసుకుంటే మాత్రం మన మే నెల ఎండలకు ప్రాణం లేచొస్తుంది.

మసాలాది వేరే లెక్క. ముందు దాల్చినచెక్క తియ్యదనం, తర్వాత ఇలాచీ, గొంతు దిగాక మిరియం, శొంఠి ఘాటు. ఐదు నిమిషాలు నానినా నిలబడుతుంది, పాలు పోసినా రుచి పోదు. లవంగం ఎక్కువైతే మాత్రం మిగతావన్నీ మునిగిపోతాయి. వాన పడే సాయంత్రం వేడి వేడి సర్వపిండి పక్కన నేను పెట్టుకునేది ఇదే.