35 ఎంఎం, 50 ఎంఎం: రోజూ వాడటానికి ఏది?

చవకలో మంచి ప్రైమ్ లెన్సు (జూమ్ లేనిది) అనగానే ముందు గుర్తొచ్చేవి ఈ రెండే. రెండూ ఎఫ్/1.8లో దొరుకుతాయి (ఈ అంకె ఎంత చిన్నదైతే లెన్సు అంత పెద్దగా తెరుచుకుంటుంది). కెమెరాతో పాటు వచ్చే కిట్ జూమ్ లెన్సు 55 ఎంఎం దగ్గర ఎఫ్/5.6కి పడిపోతుంది, దానికన్నా ఇవి తొమ్మిది రెట్లకు పైగా వెలుగు తీసుకుంటాయి. సాయంత్రం ఇంట్లోనూ ఫ్లాష్ అక్కర్లేదు.

అసలు తేడా ఫ్రేములో ఎంత పడుతుందన్న దగ్గరే. ఏపీఎస్-సీ (ఫుల్ ఫ్రేమ్ కన్నా చిన్నది) సెన్సర్ మీద 50 ఎంఎం, ఫుల్ ఫ్రేమ్ మీద దాదాపు 75 ఎంఎంలా పనిచేస్తుంది. ముఖాలు ఎంత బాగా వస్తాయో! వెనకదంతా మెత్తగా కరిగిపోతుంది. కానీ చిన్న గదిలో నలుగురిని పట్టాలంటే మన వీపు గోడకు తగులుతుంది. 35 ఎంఎం అక్కడ సుమారు 52 ఎంఎంకు సమానం. మనిషితో పాటు చుట్టూ ఉన్న చోటు కూడా పడుతుంది. మరీ దగ్గరకెళ్తే మాత్రం ముక్కు కాస్త పెద్దగా కనిపిస్తుంది.

50 సాధారణంగా ఇంకా చవక. అయినా ఒక్కటే కొనాలంటే నా ఓటు 35కే. ఫుల్ ఫ్రేమ్ కెమెరా ఉన్నవాళ్లయితే 50 తీసుకోండి.