ఎంఎస్‌ఐ బీ650 టోమహాక్ వైఫై: ఎవరు కొనాలి, ఎవరు వదిలేయాలి

మదర్‌బోర్డు మారిస్తే కంప్యూటర్ వేగం పెరుగుతుందా అంటే, పెరగదు. రైజెన్ 5 7600 అనే ఏఎండీ ప్రాసెసర్‌ను అన్నిటికన్నా చవక బోర్డులో పెట్టినా, మూడింతల ఖరీదున్న బోర్డులో పెట్టినా, రెండూ సరిగ్గా పనిచేస్తున్నంతసేపూ తేడా కొలిస్తే తప్ప తెలియదు. ఆ 'సరిగ్గా పనిచేస్తున్నంతసేపూ' కోసమే బోర్డుకి డబ్బు పెట్టేది. మే నెల మధ్యాహ్నం ఏసీ లేని గదిలో గంటసేపు వీడియో రెండర్ నడిచినా ప్రాసెసర్ వేగం పడిపోకూడదు. ర్యామ్ ప్యాకెట్ మీద రాసిన వేగంతోనే నెలల తరబడి నడవాలి. రెండు మూడేళ్లకు కొత్త ప్రాసెసర్ తెచ్చినా అదే బోర్డు దాన్ని నడపగలగాలి. ఎంఎస్‌ఐ కంపెనీ మదర్‌బోర్డు మ్యాగ్ బీ650 టోమహాక్ వైఫైని ఈ మూడు లెక్కల్లోనే తూచాలి. పెట్టె మీద సైనిక వాహనాల రంగులు, బొమ్మలు ఎన్నున్నా వాటితో పని లేదు.

మూడోదాంట్లో మార్కులు తేలిగ్గానే వస్తాయి. ఇది ఏఎం5 సాకెట్ బోర్డు (సాకెట్ అంటే ప్రాసెసర్ కూర్చునే గూడు). 2022 సెప్టెంబర్‌లో రైజెన్ 7000తో ఈ సాకెట్ వచ్చింది, తర్వాత 8000, 9000 సిరీస్‌లు కూడా ఇందులోకే వచ్చాయి. 2027, ఆపైన కూడా ఈ సాకెట్‌ని కొనసాగిస్తామని ఏఎండీ ప్రకటించింది. అంటే ఇవాళ 7600తో మొదలుపెట్టి, తర్వాత 9800ఎక్స్3డీ తెచ్చుకుంటే బయోస్ (కంప్యూటర్ ఆన్ కాగానే మొదట నడిచే బోర్డు సాఫ్ట్‌వేర్) మార్చుకోవడమే పని. ఇందులో డీడీఆర్5 ర్యామ్ మాత్రమే పడుతుంది, పాత డీడీఆర్4 ర్యామ్ ఇంట్లో ఉన్నా పనికిరాదు.

ఇక కరెంటు సంగతి. ప్రాసెసర్ పక్కన పెద్ద అల్యూమినియం హీట్‌సింకుల కింద ఉండేదే వీఆర్‌ఎం. ఎస్‌ఎంపీఎస్ (కంప్యూటర్‌కి కరెంటిచ్చే పెట్టె) ఇచ్చే 12 వోల్టుల్ని ప్రాసెసర్‌కి కావలసిన ఒకటీ చిల్లర వోల్టులకు దించేది ఇదే. టోమహాక్‌లో 14+2+1 ఫేజులు (ఆ పనిని పంచుకునే విభాగాలు) ఉన్నాయి. ప్రాసెసర్ కోర్లకు వెళ్లే 14లో ఒక్కోదాని రేటింగు 80 ఆంపియర్లు. వాటిని 14 విడి ఫేజులుగా లెక్కేసుకోవద్దు, రెండేసి జతగా నడుస్తాయి. 'డ్యూయెట్ రైల్' అని కంపెనీ పిలిచేది దీన్నే. దానివల్ల నష్టమేమీ లేదు. రైజెన్ 9 7950ఎక్స్ లాంటి పెద్ద ప్రాసెసర్ మామూలు సెట్టింగుల్లో సాకెట్ నుంచి గరిష్ఠంగా లాగేది 230 వాట్లు. 1.2 వోల్టుల దగ్గర లెక్కేస్తే 190 ఆంపియర్ల చిల్లర. 14కు పంచితే తలా 14 ఆంపియర్లు కూడా ఉండవు. 80కి తట్టుకునే దాని మీద 14 పడితే వేడి ఎక్కదు. గది ఉష్ణోగ్రత 40 దాటినా వీఆర్‌ఎం అడ్డుపడదు.

ఏఎం5లోనే ఏ620 అనే చవక రకం బోర్డుల్లో ఇబ్బంది వచ్చేది ఇక్కడే. ఫేజులు తక్కువ, చాలావాటికి హీట్‌సింకు కూడా ఉండదు. అలాంటి బోర్డులో 170 వాట్ల తరగతి ప్రాసెసర్ పెడితే పది నిమిషాల్లో వీఆర్‌ఎం కాగిపోతుంది, తనను తాను కాపాడుకోవడానికి బోర్డు ప్రాసెసర్ వేగాన్ని కోసేస్తుంది. ప్రాసెసర్ ఉష్ణోగ్రత మాత్రం మామూలుగానే కనిపిస్తుంది కాబట్టి లోపం ఎక్కడుందో తెలియక కూలర్ మార్చేస్తుంటారు. ఉష్ణోగ్రతలు చూపించే హెచ్‌డబ్ల్యూఇన్ఫో అనే సాఫ్ట్‌వేర్‌లో 'మాస్' అనో 'వీఆర్‌ఎం' అనో ఉన్న ఉష్ణోగ్రత చూస్తే గుట్టు తెలుస్తుంది.

అయితే ఈ లెక్కే తిరగేస్తే ఇంకో నిజం తేలుతుంది. రైజెన్ 5 7600 గానీ, తన మామూలు సెట్టింగుల్లో ఉన్న 9600ఎక్స్ గానీ లాగేది 88 వాట్లే. ఎప్పటికీ ఈ తరగతిలోనే ఉంటాననుకునేవారికి టోమహాక్ అనవసరం. అదే కంపెనీ ప్రో బీ650ఎం-ఏ వైఫై లాంటి చిన్న బోర్డు సరిపోతుంది. మిగిలిన డబ్బుతో 500 జీబీ ఎస్‌ఎస్‌డీ బదులు 1 టీబీది తీసుకుంటే రోజూ ఉపయోగపడుతుంది.

చిప్‌సెట్ (బోర్డు మీది పోర్టుల్ని, స్లాట్లని నడిపే చిప్) పేర్లు తికమక పెట్టేలా ఉంటాయి. బీ650లో గ్రాఫిక్స్ కార్డు స్లాటు పీసీఐఈ 4.0 (పీసీఐఈ అంటే కార్డులు, ఎస్‌ఎస్‌డీలు డేటా పంపుకునే దారి, అంకె పెరిగితే వేగం ఎక్కువ). చివర 'ఈ' ఉన్న బీ650ఈలో అది 5.0. 2025 మొదట్లో వచ్చిన బీ850లో ఎస్‌ఎస్‌డీ స్లాటుకి 5.0 ఖాయం, గ్రాఫిక్స్ స్లాటుకి 5.0 ఇవ్వాలా వద్దా అన్నది బోర్డు కంపెనీ ఇష్టం. ఎక్స్870లో యూఎస్‌బీ4 తప్పనిసరిగా ఉంటుంది, ధర పెరగడానికి అదొక కారణం. అన్నిటికన్నా మోసం చేసే పేరు బీ840. అంకె పెద్దది గనుక బీ650 కన్నా మెరుగనిపిస్తుంది, కానీ ఇందులో ప్రాసెసర్ ఓవర్‌క్లాకింగ్ (వేగాన్ని మామూలు హద్దు దాటించడం) లేదు, చిప్‌సెట్ లేన్లు (డేటా వరసలు) పీసీఐఈ 3.0వే. కౌంటర్ దగ్గర 'కొత్త మోడల్ సార్' అని అంటగట్టబోతే వద్దనండి.

టోమహాక్‌లో ఎక్కడా 5.0 లేదు. ఎస్‌ఎస్‌డీలు పెట్టే మూడు ఎం.2 స్లాట్లూ 4.0వే. దీన్ని పెద్ద లోటుగా లెక్కపెట్టక్కర్లేదు. 4.0 ఎస్‌ఎస్‌డీ సెకనుకు 7,000 ఎంబీ దాకా చదువుతుంది. 5.0ది 10,000 దాటుతుంది గానీ, విండోస్ బూట్ అవడంలో, ఆట లోడ్ అవడంలో ఆ తేడా చేతికి అందదు. వందల జీబీల వీడియో ఫైళ్లు రోజూ అటూ ఇటూ మార్చేవారికే అది అక్కరకొస్తుంది. గ్రాఫిక్స్ విషయంలో ఒక్క జాగ్రత్త: ఆర్‌టీఎక్స్ 5060, 5060 టీఐ కార్డులు 8 లేన్లే వాడతాయి. 4.0 స్లాటులో వాటికి దారి సగమవుతుంది. కార్డు మెమరీ నిండనంతవరకు పట్టింపు ఉండదు, 8 జీబీ కార్డులో మెమరీ నిండి పొంగినప్పుడు ఆట కుదుపులు పడుతుంది. 16 లేన్లు వాడే ఆర్‌ఎక్స్ 9060 ఎక్స్‌టీకి ఈ బాధ తక్కువ.

ఎస్‌ఎస్‌డీని ప్రాసెసర్‌కి దగ్గరగా ఉన్న ఎం.2 స్లాటులోనే పెట్టండి, అది నేరుగా ప్రాసెసర్‌కే వెళ్తుంది. చిప్‌సెట్ మీదున్న స్లాటు మిగతా యూఎస్‌బీ, సాటా, నెట్‌వర్క్‌లతో కలిసి ఒకే దారి పంచుకుంటుంది. హీట్‌సింకు బిగించేముందు థర్మల్ ప్యాడ్ మీది పల్చటి ప్లాస్టిక్ పొర తీయడం చాలామంది మరిచిపోతారు. సాటా పోర్టులు 6 ఉన్నాయి, పాత హార్డ్ డిస్కులు దాచుకున్నవాళ్లకు ఈ తరం బోర్డుల్లో అంత ఉదారత అరుదు.

ఏఎం5లో ఎక్కువ గొడవలు ర్యామ్ దగ్గరే పుడతాయి. ఏఎండీ అధికారికంగా ఒప్పుకునే ర్యామ్ వేగం రెండు స్టిక్కులతో రైజెన్ 7000లో 5200, 9000లో 5600. నాలుగు స్లాట్లూ నింపితే 3600కి పడిపోతుంది. కాబట్టి '16 జీబీ ఇప్పుడు, ఇంకో 16 తర్వాత' అనే పాత ఆలోచన ఇక్కడ పనిచేయదు. 32 కావాలంటే ఒకే ప్యాకెట్‌లో వచ్చే 16 జీబీ జత కొనండి. రెండు వేర్వేరు ప్యాకెట్లయితే, ఒకే మోడల్ నంబరైనా లోపలి చిప్‌లు వేరే కంపెనీవి కావచ్చు. 6000 వేగం, సీఎల్30 (ర్యామ్ స్పందనలో ఆలస్యాన్ని చెప్పే అంకె), ఎక్స్‌పో (ప్యాకెట్ మీది వేగాన్ని బయోస్‌లో ఆన్ చేసే ఏఎండీ సెట్టింగు) ముద్ర ఉన్న జత ఈ ప్లాట్‌ఫారానికి సరిగ్గా నప్పుతుంది. 7200, 8000 అని రాసినవాటికి డబ్బు పోయొద్దు, 6400 దాటాక మెమరీ కంట్రోలర్ సగం వేగంలో నడవాల్సి వచ్చి లాభం ఆవిరవుతుంది.

స్టిక్కులు ప్రాసెసర్ వైపు నుంచి లెక్కేస్తే రెండో, నాలుగో స్లాట్లలో పెట్టాలి. మొదటిసారి ఆన్ చేస్తే తెర నల్లగా ఉండి, ఫ్యాన్లు మాత్రం తిరుగుతాయి. అది పాడవలేదు, ర్యామ్‌ని ట్రెయిన్ చేసుకుంటోంది, అంటే దానికి సరిపడే సెట్టింగులు వెతుక్కుంటోంది. కొన్ని నిమిషాలు పట్టొచ్చు, ఈలోపు కంగారుపడి స్విచ్ ఆపితే మళ్లీ మొదటికే. తెర వచ్చాక బయోస్‌లో ఎక్స్‌పో ఆన్ చేయండి, లేకపోతే 6000 ర్యామ్ 4800లోనే నడుస్తూ ఉంటుంది. ప్రతి బూట్‌కీ ఆలస్యమవుతోందనిపిస్తే 'మెమరీ కాంటెక్స్ట్ రీస్టోర్' ఆన్ చేస్తే పాత ట్రెయినింగ్‌నే వాడుకుంటుంది. దానికి తోడు 'పవర్ డౌన్ ఎనేబుల్' కూడా ఆన్‌లో ఉంచాలి, ఒకటి ఉండి ఒకటి లేకపోతే నీలి తెరలు పలకరిస్తాయి.

ఎక్స్‌పో పెట్టాక ర్యామ్‌ని పరీక్షించే మెమ్‌టెస్ట్86 సాఫ్ట్‌వేర్‌ని యూఎస్‌బీ నుంచి నాలుగు పాస్‌లు నడపండి, రాత్రి పెట్టి పడుకుంటే సరి. ఒక్క ఎర్రర్ వచ్చినా వదిలేయకండి. వోల్టేజీ పెంచే సాహసం కన్నా 6000ని 5800కో 5600కో దించడం మంచిది, ఆటల్లో ఆ తేడా తెలియదు. ముఖ్యంగా ఎస్ఓసీ (ప్రాసెసర్‌లో మెమరీ కంట్రోలర్ ఉండే భాగం) వోల్టేజీ 1.3 వోల్టులు దాటనివ్వకూడదు. 2023లో పేరు చివర ఎక్స్3డీ ఉన్న కొన్ని ప్రాసెసర్లు సాకెట్‌లోనే కాలిపోయాక ఏఎండీ ఈ హద్దు పెట్టి, బోర్డు కంపెనీలన్నిటితో కొత్త బయోస్‌లు ఇప్పించింది.

అందుకే పాత స్టాకు బోర్డు చేతికొస్తే ముందు బయోస్ మార్చాలి. రైజెన్ 9000 పెట్టేవారికైతే ఇది తప్పదు, 2022 నాటి బయోస్ ఆ ప్రాసెసర్‌ని గుర్తే పట్టదు. టోమహాక్ వెనక 'ఫ్లాష్ బయోస్' బటన్ ఉంది, ప్రాసెసర్, ర్యామ్ ఏదీ లేకుండానే పని జరుగుతుంది. పెన్‌డ్రైవ్‌ని ఫ్యాట్32లో ఫార్మాట్ చేయాలి, ఎక్స్‌ఫ్యాట్, ఎన్‌టీఎఫ్‌ఎస్ అయితే చదవదు. కంపెనీ సైట్‌లో ఈ బోర్డు పేజీ నుంచే ఫైలు దించాలి. బోర్డు కోడ్ ఎంఎస్-7డీ75, ఫైలు పేరులో ఆ 7డీ75 ఉందో లేదో చూసుకోండి. 'బీటా' అని రాసినవి వద్దు. ఫైలు పేరు 'ఎంఎస్‌ఐ' చుక్క 'ఆర్‌ఓఎం' అని ఇంగ్లిష్ పెద్ద అక్షరాల్లో మార్చి, 'ఫ్లాష్ బయోస్' అని రాసున్న పోర్టులోనే గుచ్చి, 24 పిన్నుల కేబులూ, ప్రాసెసర్ 8 పిన్నుల కేబులూ పెట్టి బటన్ నొక్కాలి. లైటు మినుకుమంటూ ఉంటుంది, ఆగేదాకా తాకొద్దు. మధ్యలో కరెంటు పోకుండా యూపీఎస్ మీద చేయండి. ఇప్పటికే వాడుతున్న కంప్యూటర్లో బయోస్ మారిస్తే విండోస్ బిట్‌లాకర్ (డిస్కుకి తాళం వేసే సదుపాయం) రికవరీ కీ అడగొచ్చు, ముందే కాగితం మీద రాసి పెట్టుకోండి.

బిగించేటప్పుడు మూడు చోట్ల జాగ్రత్త. ఏఎం5లో పిన్నులు ప్రాసెసర్‌కి కాదు, సాకెట్‌కి ఉంటాయి. 1,718 సన్నటి తీగలు, వేలు తగిలినా వంగుతాయి. సాకెట్ మీది నల్ల ప్లాస్టిక్ మూత ముందుగా తీయొద్దు, ప్రాసెసర్ పెట్టి లివర్ వేస్తుంటే అదే ఊడొస్తుంది. రెండోది, ప్రాసెసర్ కేబుల్ 4+4గా, గ్రాఫిక్స్ కేబుల్ 6+2గా విడిపోతాయి, రెండూ 8 పిన్నులవే గానీ ఒకటి కాదు. బలవంతంగా తోయాల్సి వస్తోందంటే తప్పు కేబుల్ పట్టుకున్నట్టే. మూడోది, క్యాబినెట్‌లో పాత బోర్డుకి వాడిన స్టాండాఫ్ (బోర్డుని ఎత్తి పట్టే చిన్న లోహపు స్క్రూ) ఒకటి అదనంగా ఉండిపోతే బోర్డు వెనక తగిలి షార్ట్ అవుతుంది. ఇది పూర్తి ఏటీఎక్స్ బోర్డు, 9 చోట్లే ఉండాలి. వీలైతే ముందు పెట్టె అట్ట మీదే ప్రాసెసర్, కూలర్, ఒక ర్యామ్ పెట్టి బయోస్ తెర చూశాకే క్యాబినెట్‌లోకి ఎక్కించండి. 7500ఎఫ్ లాంటి 'ఎఫ్' ప్రాసెసర్లకు సొంత గ్రాఫిక్స్ ఉండదు, వాటికి కార్డు లేకుండా తెర రాదు.

తెర రాకపోతే బోర్డు మీది నాలుగు చిన్న లైట్లు చూడండి: సీపీయూ, డీర్యామ్, వీజీఏ, బూట్. డీర్యామ్ దగ్గర ఆగితే మొదట ఓపిక పట్టాలి, తర్వాత ఒకే స్టిక్కుతో ప్రయత్నించాలి. వీజీఏ వెలిగితే కార్డుకి కరెంటు కేబుల్ పెట్టారో లేదో చూడాలి. ఏ లైటూ లేకుండా తెర నల్లగా ఉంటే మానిటర్ కేబుల్ కార్డుకి బదులు బోర్డుకి గుచ్చి ఉంటారు. సెట్టింగులు చెడి బూట్ కాకపోతే కరెంటు తీసేసి జేబ్యాట్1 అన్న రెండు పిన్నుల్ని స్క్రూడ్రైవర్‌తో కొన్ని సెకన్లు కలిపితే బయోస్ మొదటికొస్తుంది. క్యాబినెట్ ముట్టుకుంటే జివ్వుమంటోందంటే బోర్డుని అనకండి, ఇంటి ఎర్తింగ్ చూపించండి.

విండోస్ 11 ఎక్కించేటప్పుడు వైఫై కనబడక ఇంటర్నెట్ అడిగే పేజీ దగ్గరే ఆగిపోయేవారు చాలామంది. ఇందులోని ఏఎండీ ఆర్‌జెడ్616 వైఫై డ్రైవర్‌ని ముందే పెన్‌డ్రైవ్‌లో వేసుకోవాలి. కేబుల్ పోర్టు రియల్‌టెక్ 2.5 గిగాబిట్‌ది, అది నిలకడగా ఉంటుంది.

కొత్త తమ్ముడు బీ850 టోమహాక్ మ్యాక్స్ వైఫైలో 5.0 గ్రాఫిక్స్ స్లాటు, 5.0 ఎస్‌ఎస్‌డీ, వైఫై 7, 5 గిగాబిట్ నెట్‌వర్క్ పోర్టు ఉన్నాయి. ధరలో తేడా రెండు మూడు వేలలోపైతే అదే తీసుకోండి. అంతకన్నా ఎక్కువైతే బీ650 చాలు, ఆ డబ్బు గ్రాఫిక్స్ కార్డులో పెట్టండి.

సికింద్రాబాద్‌లోని కంప్యూటర్ల మార్కెట్ సీటీసీలో కొన్నా, ఆన్‌లైన్‌లో తెప్పించినా, జీఎస్‌టీ బిల్లు మీద బోర్డు సీరియల్ నంబర్ రాయించుకోండి, పెట్టె మీది నంబరుతో సరిచూడండి. వంగిన పిన్నులకు వారంటీ వర్తించదు. అందుకని డెలివరీ అయినా, షాపు కౌంటర్ అయినా, పెట్టె తెరిచిన వెంటనే సాకెట్‌ని దగ్గరగా ఫోటో తీసి పెట్టుకోవాలి. ఊడొచ్చిన నల్ల మూతను పారేయొద్దు, బోర్డుని సర్వీస్ సెంటర్‌కి పంపాల్సి వస్తే ఆ మూత బిగించే పంపాలి.